ఫ్నూ గారి పునర్నామకరణము

అమెరికా పౌరత్వమునకై సమర్పింపవలసిన ఎన్-400 దరఖాస్తునందు, పన్నులెగవేసితివా, కారాగారవాసమొనర్చితివా యను కఠినప్రశ్నలకు తోడుగా, శాసనసమ్మతముగా నీ పేరు మార్చుకొనగోరెదవా యను మృదుప్రశ్న యొకటి కలదు. ప్రత్యేక రుసుము లేకుండ లభించు ఈ వరమును మనవారు విడుతురా? తాతగారి మ్రొక్కుల ఫలముగా వేంకట సత్య సూర్యనారాయణమూర్తియై జన్మించి, పాసుపోర్టున పేరంతయు ఒకే గడిలో ఇరికినందున, వీసాపై తొలిపేరు తెలియనివాడని సూచించు 'ఎఫ్ఎన్‌యూ' బిరుదమును వహించి, ఆఫీసున 'హలో ఫ్నూ' యను పిలుపునకు చిరునవ్వుతో పలుకుచు ఏండ్లు గడపిన మహానుభావుడు, దరఖాస్తునందలి ఆ ప్రశ్నకెదుట 'శామ్ మూర్తి' యని లిఖించి హాయిగా నిట్టూర్చును.

అయితే ఈ నామకరణమునకు పురోహితుడు న్యాయమూర్తియే. ఇమిగ్రేషన్ అధికారులు తామై జరుపు ప్రమాణోత్సవమున పేరు మార్చు అధికారము వారికి లేదు గనుక, పొరుగువాడు ముందే పౌరుడై ఓటు వేయుచుండగా, మన శామ్ కోర్టు ముహూర్తమునకై నిరీక్షింపవలయును. తుదకు చేయెత్తి, పరదేశపు రాజులయెడ, ప్రభువులయెడ గల విధేయతను పరిత్యజించి (ఏడుకొండలవాడు ఈ జాబితాలో చేరడని వకీలు అభయమిచ్చెనట), వెలుపలికి వచ్చినవాడు, భారత సంతతి విదేశీయులకిచ్చు ఓసీఐ కార్డుకై, పూర్వాశ్రమ నామధారియు తానును ఒక్కడేయని భారత ప్రభుత్వమునకు రుజువు చూప బయలుదేరును.

ఇంతలో పుట్టిన కుమార్తెకు మాత్రము, అచటి ఉపాధ్యాయినులకు నోరు తిరుగని, మూడు సంయుక్తాక్షరముల నామమును నిఘంటువు గాలించి మరీ నిశ్చయించినాడు.