మావాడు పాటను కనిపెట్టిండు

"మామా, కొత్త సింగర్ దొరికిండు! పంపించిన, చూడు" అన్నాడు మా మేనల్లుడు. యాడ దొరికిండురా అంటే, ఇన్‌స్టాలో అన్నాడు. తెరిచి చూద్దును గదా, దర్శనం మొగులయ్య! చేతిలో పన్నెండు మెట్ల కిన్నెర. 2021 సెప్టెంబరు, ఆయన గొంతు కలిపిన భీమ్లా నాయక్ సినిమా టైటిల్ పాట వచ్చిన వారం అది.

మావాడిది అచ్చంపేట. మొగులయ్యది పక్కనే లింగాల మండలం, అవుసలికుంట. బస్సెక్కితే గంట దారి. ఆ గంట దారి పాట ఏ దేశపు సర్వర్లు తిరిగొచ్చిందో గానీ, ఇంటికొచ్చేసరికి కొత్తదైపోయింది. 2015లోనే ఆయనకు రాష్ట్ర ప్రభుత్వం ఉగాది పురస్కారం ఇచ్చింది. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రం పుస్తకంలోకీ ఆయన కళ ఎక్కింది. బడిలో మార్కుల కోసం చదివి మరిచిపోయినదాన్ని ఫోనులో చూస్తే దాని పేరు 'డిస్కవరీ'.

"నా టేస్టు వేరే మామా" అంటాడు మళ్లీ. నిన్న రెండుసార్లు చూసినదాన్నే ఇవాళ నాలుగుసార్లు చూపించడం ఫోను పని. గుంజకు కట్టేసిన మేక తాడు పొడవునా మేసి, నల్లమలంతా తిరిగొచ్చిన అని చెప్పుకున్నట్టుంది వీడి టేస్టు. వెనకట పంటలు ఇంటికొచ్చాక డక్కలివాళ్లు, శారదకాండ్రు, బుడగజంగాలు ఎవరి వంతులో వాళ్లు ఊరికి వచ్చేవాళ్లు. నీకేది ఇష్టమని ఎవరూ అడగలేదు. ఇష్టం లేనిదీ చెవినపడేది. కొత్త పాట వినడమంటే అదీ.

ఇక వినే తీరు. మొగులయ్య పాడే పండుగ సాయన్న కథ, ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పాలమూరు వీరుడి కథ. రీలు నిడివి ముప్పై సెకన్లు. అందులో సాయన్న చెప్పులేసుకునేలోపే మావాడి వేలు పైకి జరుపుతుంది. కింద పిల్లి డాన్సు.

వైరల్ కాకుంటే పాట బతకదని ఇంకో మాట. నల్లగొండలో సుద్దాల హనుమంతు పాటలు ఏ ఫోనెక్కి ఊరూరా తిరిగాయి? నిజాం కాలంలో ఆ పాటలు పాడేవాళ్లకు ఫాలోయర్లంటే వెంటబడే పోలీసులే.

అన్నిటికన్నా పెద్ద గొప్ప, "మేం షేర్ చేసి ఆదుకున్నం" అనేది. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. కోటి రూపాయలు, ఇంటి జాగా ఇస్తామని ప్రభుత్వమూ ప్రకటించింది. 2024 మే నెలలో అదే మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో కట్టుబడి పనికి కూలీగా కనిపించాడు. ఆ వీడియో కూడా వైరలే! కిన్నెర వాయిస్తే ఎర్ర గుండె, కూలి చేస్తే ఏడుపు మొహం. నొక్కిన వేలు ఒకటే, రాలిన పైసా ఏదీ లేదు.

పాతకాలం బంగారమని నేననను. డక్కలివాళ్లను ఊరి బయట నిలబెట్టిన ఊళ్లే అవి. అయినా గడప తొక్కనివ్వని ఆ ఊరు సైతం, విన్నందుకు చాటెడు గింజలు పోసింది. ఇవాళ పాటగాడిని పడకగదిలోకే తెచ్చుకుని, దుప్పటి కప్పుకుని మరీ వింటున్నాం. గింజ మాత్రం రాలదు.

నారాయణపేట జిల్లా దామరగిద్దలో దాసరి కొండప్ప ఉన్నాడు. బుర్రవీణ వాయిస్తాడు, 2024లో పద్మశ్రీ అందుకున్నాడు. మావాడు ఇంకా ఆయన్ను కనిపెట్టలేదు. ఇప్పుడు పెండ్లి పనుల్లో ఉన్నాడు, డీజేకు అడ్వాన్సు ఇచ్చొచ్చాడు.

అరే అల్లుడా, లింగాలకు ఇప్పటికీ బస్సుంది. డీజే అడ్వాన్సులో సగం జేబులో పెట్టుకుని ఎక్కు. కిన్నెర వాయించే మనిషిని పెండ్లికి పిలువు, కూసోబెట్టి విను, పోయేటప్పుడు కూలి చేతిలో పెట్టు. ఆ తర్వాత, దొరికిండని నలుగురికీ చెప్పుకో. నేనే లైకు కొడతా.