పసుపు గడిలో సాక్షి

మోనోపలీ ఆట పెట్టె అమెరికాలో చాలా ఏళ్ళ పాటు ఒక కథతో సహా అమ్ముడుపోయింది. 1930ల నాటి ఆర్థిక మాంద్యంలో చార్లెస్ డారో అనే సేల్స్‌మన్ ఉద్యోగం పోగొట్టుకుని ఫిలడెల్ఫియాలో ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు ఎలా గడపాలో తోచని ఆ రోజుల్లో, సెలవులకు వెళ్ళొచ్చిన అట్లాంటిక్ సిటీ వీధులను తలుచుకుంటూ, వంటింటి బల్ల మీది ఆయిల్‌క్లాత్‌పై గడులు గీశాడు. ఒక్కో గడికి ఒక్కో వీధి పేరు పెట్టాడు. స్థలాలు కొనడం, ఇళ్ళు కట్టడం, అవతలివాడు వచ్చి ఆగితే అద్దె గుంజడం, చివరికి అందరినీ దివాలా తీయించి ఒక్కడే మిగలడం. ఇదీ ఆట. 1935లో పార్కర్ బ్రదర్స్ కంపెనీ దాన్ని కొన్నది. డారో దశ తిరిగింది. ఆటలు కనిపెట్టి మిలియనీరైన తొలి మనిషిగా పేరు మోగిపోయింది.

కష్టంలో ఉన్నవాడు సొంత తెలివితో గట్టెక్కిన కథ ఎవరికి నచ్చదు? మన ఇళ్ళల్లో వేసవి సెలవుల్లో పిల్లలు నేల మీద పరుచుకుని, బొంబాయి నేను కొన్నానంటే నేను కొన్నానని కొట్టుకుంటూ ఆడిన ‘బిజినెస్’ కూడా ఈ ఆట సంతానమే. ఎన్నో దేశాలకు పాకిన ఆట అది.

అయితే డారో ఆయిల్‌క్లాత్ పరవడానికి 30 ఏళ్ళ ముందే ఈ ఆటకు పేటెంటు ఉంది. నంబరు 7,48,626. తేదీ 1904 జనవరి 5. పేటెంటు పొందిన మనిషి పేరు ఎలిజబెత్ మేగీ. అందరూ లిజీ అని పిలిచేవారు.

లిజీ 1866లో ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టింది. తండ్రి పత్రికాధిపతి, లింకన్ అనుచరుడు. ఆయనే కూతురి చేతిలో హెన్రీ జార్జ్ రాసిన ‘ప్రోగ్రెస్ అండ్ పావర్టీ’ పెట్టాడు. భూమి ఏ మనిషీ తయారు చేసింది కాదు, ఊరు పెరిగితే దాని విలువ పెరుగుతుంది, ఆ పెరిగిన విలువ ఊరందరికీ చెందాలి తప్ప కదలకుండా కూర్చున్న యజమాని జేబులోకి పోకూడదు అన్నది జార్జ్ సిద్ధాంతం. లిజీ దాన్ని మనసా వాచా నమ్మింది. వాషింగ్టన్ ప్రాంతంలో స్టెనోగ్రాఫరుగా పనిచేస్తూ, సాయంత్రాలు ఆ సిద్ధాంతాన్ని నలుగురికీ బోధించేది. ఆడదాని జీతంతో బతకడం ఎంత కష్టమో లోకానికి తెలియాలని 1906లో ఒక పని చేసింది. ‘అమెరికన్ బానిస యువతి అమ్మకానికి ఉంది, ఎక్కువ ధర పెట్టేవారికి’ అన్న అర్థం వచ్చేలా తన గురించి తానే పత్రికలో ప్రకటన వేయించింది. దేశమంతా ముక్కున వేలేసుకుంది.

అలాంటి మనిషి తయారు చేసిన ఆట ‘ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్’. మన పెద్దలు వైకుంఠపాళిలో పాములకు పాపాల పేర్లూ నిచ్చెనలకు పుణ్యాల పేర్లూ పెట్టి పిల్లలకు ధర్మం నేర్పినట్టే, ఆమె గడుల్లో అర్థశాస్త్రం నేర్పాలనుకుంది. చుట్టూ నడిచే బాట, కొనే స్థలాలు, కట్టే అద్దెలు, నాలుగు మూలలు, రైలు కంపెనీలు, జైలు అన్నీ ఆ బల్ల మీద ఉన్నాయి. పుడమి తల్లి మీద కష్టపడ్డవాడికి కూలి దక్కుతుందని ఒక మూల రాసి ఉంటుంది. ఆ మూల దాటిన ప్రతిసారీ 100 డాలర్లు చేతికొస్తాయి. ఇంకో మూల లార్డ్ బ్లూబ్లడ్ అనే లండన్ దొర గారి జాగా. దానికి ‘లోపలికి రారాదు’ అన్న హెచ్చరిక. ఎక్కడో సముద్రం అవతల ఉండే దొర, ఏనాడూ నాగలి పట్టని భూమి. పొరపాటున అక్కడ కాలు పెట్టిన ఆటగాడు నేరుగా జైలుకు పోవాలి. జమీందారీలు చూసిన మన తాతలకైతే ఈ గడిని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆటకు లిజీ రెండు రకాల నియమాలు పెట్టింది. ఒక పద్ధతిలో ఎవరు సంపద సృష్టించినా అందరికీ వాటా వస్తుంది. రెండో పద్ధతిలో ఒక్కడు అన్నీ కొనేసి మిగతావాళ్ళను పీల్చి పిప్పి చేస్తాడు. రెండూ ఆడి చూస్తే ఏది న్యాయమో పిల్లలకే తెలిసిపోతుందని ఆమె నమ్మకం. ఆడిన జనం మాత్రం రెండో పద్ధతినే పట్టుకున్నారు.

ఆట చేతి నుంచి చేతికి పాకింది. విశ్వవిద్యాలయాల్లో ఆడారు, అధ్యాపకులు పాఠంగా వాడారు. దుకాణంలో కొన్నవాళ్ళ కంటే గుడ్డ మీదో అట్ట మీదో సొంతంగా గీసుకున్నవాళ్ళే ఎక్కువ. ఎవరి ఊరి వీధుల పేర్లు వాళ్ళు రాసుకునేవారు. అలా అట్లాంటిక్ సిటీకి చేరినప్పుడు అక్కడి క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు తమ వీధుల పేర్లు రాసుకున్నాయి. వాటిలో పసుపు రంగు గడి ఒకటి మార్వెన్ గార్డెన్స్. మార్గేట్, వెంట్నర్ అనే రెండు ఊళ్ళ సరిహద్దులో ఉన్న పేట అది. మొదటి ఊరి నుంచి ‘మార్’, రెండో ఊరి నుంచి ‘వెన్’ తీసుకుని దానికి ఆ పేరు పెట్టారు.

ఆ బల్ల నకలు ఒకటి ఫిలడెల్ఫియాలో చార్లెస్ టాడ్ అనే హోటల్ మేనేజరుకు చేరింది. తన కోసం గీసుకునేటప్పుడు టాడ్ చెయ్యి జారింది. ఎత్వం ఉండాల్సిన చోట గుడి పడింది. మార్వెన్ కాస్తా మార్విన్ అయింది. టాడ్‌తో కలిసి చదువుకున్న అమ్మాయి ఎస్తర్ అప్పటికి పెళ్ళయి అదే ఊళ్ళో ఉంటోంది. ఒక రాత్రి ఆమెనూ భర్తనూ ఇంటికి పిలిచి టాడ్ దంపతులు ఆట నేర్పించారు. భర్తకు ఆట తెగ నచ్చింది. నియమాలు కాగితం మీద రాసిమ్మని అడిగాడు. టాడ్ టైపు చేయించి ఇచ్చాడు.

ఆ భర్త పేరు చార్లెస్ డారో.

డారో ఆట మొత్తం నా సొంతం అన్నాడు, పార్కర్ బ్రదర్స్‌కు అమ్మాడు, పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. లాభాలు వెల్లువెత్తాక పాత పేటెంట్లు అడ్డం రాకూడదని కంపెనీ జాగ్రత్త పడింది. 1935 నవంబరులో కంపెనీ వ్యవస్థాపకుడు జార్జ్ పార్కర్ స్వయంగా లిజీ ఇంటికి వెళ్ళాడు. పేటెంటు కొన్నాడు. ధర 500 డాలర్లు. రాయల్టీ లేదు. తన సందేశం ఇక లక్షల ఇళ్ళకు చేరుతుందని ఆమె సంబరపడింది. ఆమె చేతికి వచ్చిన మోనోపలీ పెట్టెలో ఆమె పేరు లేదు, సందేశమూ లేదు. అందరికీ వాటా ఇచ్చే నియమాలను తీసిపారేశారు. 1936 జనవరిలో వాషింగ్టన్ పత్రిక ‘ఈవెనింగ్ స్టార్’కు తన పాత బల్లనూ కొత్త పెట్టెనూ రెండూ చూపించి ఫొటో దిగింది. అప్పటికి ఆమెకు దాదాపు డెబ్బై ఏళ్ళు. ఆ కాగితం మరుసటి రోజుకే పాతబడింది. డారో కథ మాత్రం పెట్టె పెట్టెకూ చేరుతూనే ఉంది. సొమ్మొకరిది, సోకొకరిది.

1940 జనాభా లెక్కల్లో లిజీ వృత్తి అన్న చోట ‘ఆటలు తయారు చేయడం’ అని ఉంది. ఆదాయం అన్న చోట సున్నా. 1948లో ఆమె చనిపోయింది. సంతాప వార్తలో గానీ సమాధి రాయి మీద గానీ ఆట ప్రస్తావన లేదు. 1970లో అట్లాంటిక్ సిటీ ఒక స్మారక ఫలకం పెట్టింది. అది డారోకు.

ఇదంతా కాలగర్భంలో కలిసిపోయేదే. రాల్ఫ్ ఆన్స్‌పాక్ అనే అర్థశాస్త్ర ఆచార్యుడు 1973లో ‘యాంటీ మోనోపలీ’ అనే ఆట తెచ్చాడు. దాని మీద కంపెనీకీ అతనికీ మధ్య కోర్టు వ్యాజ్యం నడిచింది. 1977లో మొదటి తీర్పు అతనికి ఎదురుతిరిగాక, అతని ఆట పెట్టెలు దాదాపు 40,000 మిన్నెసోటాలో చెత్త పూడ్చే చోట పాతిపెట్టారు. అయినా అతను పట్టు వదల్లేదు. మోనోపలీ పుట్టుక వెతుక్కుంటూ, 1930ల ముందు ఆడినవాళ్ళ ఇళ్ళ తలుపులు తట్టాడు. పాత గుడ్డలు, చేతితో గీసిన బల్లలు బయటపడ్డాయి. ముసలివాడైపోయిన చార్లెస్ టాడ్ దొరికాడు. మార్విన్‌లో గుడి పెట్టింది తానేనని చెప్పాడు. అట్లాంటిక్ సిటీ వీధులను తలుచుకుని గీశానన్న మనిషి, వేరొకడి చేతి తప్పును అక్షరం పొల్లుపోకుండా తలుచుకోలేడు. లక్షల పెట్టెల్లో అచ్చవుతూ వచ్చిన ఆ పసుపు గడే డారో మీద సాక్షి అయింది. ఆటను కనిపెట్టింది డారో అనడం స్పష్టంగా తప్పని 1982లో అప్పీళ్ళ కోర్టు తేల్చింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించడంతో ఆన్స్‌పాక్ గెలుపు ఖాయమైంది.

ఆ తర్వాత, 1995లో, పార్కర్ బ్రదర్స్ తన తప్పు ఒప్పుకుని లాంఛనంగా క్షమాపణ చెప్పింది.

లిజీ మేగీకి కాదు. మార్వెన్ గార్డెన్స్ నివాసులకు. వాళ్ళ పేట పేరు అరవై ఏళ్ళుగా తప్పుగా అచ్చేస్తున్నందుకు.