టన్నుకో గ్రాము

మదనపల్లె మండీలో టమాటా క్రేటు కిలో తక్కువ తూగిందంటే రైతు ఊరంతా వినబడేలా అరుస్తాడు. తూకం దగ్గర మనకు అంత పట్టింపు. కానీ టన్ను మట్టిలో ఒక్క గ్రామును పట్టుకునే మహానుభావులను చూడాలంటే మాత్రం కుప్పంలో రైలెక్కి, బిసానత్తం దాటి, బంగారుపేటలో మారికుప్పం బండికి మారాలి.

ఆ బండి చేరే కేజీఎఫ్‌లో, అంటే కోలార్ బంగారు క్షేత్రంలో, గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లు రాయి తవ్వి, పొడికొట్టి, సైనైడుతో బంగారం లాక్కున్నాక మిగిలిన పిండి మాత్రం అక్కడే ఉంది. మూడు కోట్ల టన్నుల పైమాటే. సినిమావాళ్లకు ఆ పిండి దిబ్బలు లొకేషన్లు, కుర్రాళ్లకు సెల్ఫీ కొండలు. గాలి రేగితే చుట్టుపక్కల ఇళ్లకు అవే వచ్చి తలుపు తడతాయి. ఆండర్సన్‌పేటలో ఒకామె నీళ్ల బిందె మూత మీద వేలితో గీత గీసి చూపించింది. "మైదా నా, ఫ్రీగా వస్తుంది" అంది.

ఆ మైదాకు 2024 జూన్‌లో యోగం పట్టింది. 13 దిబ్బల్ని, వెయ్యి ఎకరాల పైచిలుకు, మళ్లీ జల్లించి బంగారం తీసుకోవచ్చని కర్ణాటక మంత్రివర్గం సరేనంది. టన్నుకు గ్రాము అటూ ఇటూ దొరికినా పండగేనట. శభాష్! అయితే కోలార్ రాతిలో బంగారానికి తోడుగా ఆర్సెనోపైరైట్ కూడా ఉంటుంది. టన్నుకు గ్రాము బంగారం ఉంటే దాని పేరు నిధి. అదే లెక్కన ఆర్సెనిక్ ఉంటే దాని పేరు "స్వల్ప మోతాదు". తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదన్నారు కదా, అంటే ఒక్క గ్రాము చాలు, లక్ష లీటర్లను ఆ గీత దాకా తెస్తుంది. పదివేల లీటర్ల ట్యాంకర్లు పది! ఈ తూకానికి మాత్రం కాటా దొరకదు.

పోనీ, శుద్ధి చేద్దామంటే మనవాళ్లకు తెలిసిన శుద్ధి ఒకటే: జూన్ 5న నాలుగు మొక్కలు, ఒక బోర్డు, ఒక ఫొటో. మొక్క ఎండాకా బోర్డు నిలుస్తుంది. 'సైనైడు దిబ్బలు' అన్న పేరు కూడా జనాన్ని మోసం చేసేదే. సైనైడు ఎండకూ గాలికీ కొంత కొంత విరిగిపోతుంది. ఆర్సెనిక్ మూలకం, దానికి విరగడమన్నది తెలియదు. పేరు పోయేదానిది, కాపురం పోనిదానిది.

ఇక సర్వరోగ నివారిణి ఫాస్ఫేటు బస్తాలు. సీసం ఉన్న మట్టికి ఫాస్ఫేటు వేస్తే సీసం కుదురుకుంటుంది, నిజమే. అదే ఫాస్ఫేటు ఆర్సెనిక్‌ను మట్టిరేణువు మీంచి తోసేసి తను కూర్చుంటుంది. ఆర్సెనిక్ నీళ్లలో దిగి షికారు బయల్దేరుతుంది. రెండూ ఉన్న మట్టికి ఒకే బస్తా రాసిచ్చే వైద్యుణ్ని మా ఊళ్లో పశువుల దగ్గరికి కూడా రానివ్వరు.

నిజంగా ఆర్సెనిక్‌ను పీల్చే ఫెర్న్ మొక్క ఒకటుంది. ఫ్లోరిడాలో దాని గుణం కనిపెట్టిన సంగతి 'నేచర్' పత్రికలో వచ్చిందీ 2001 ఫిబ్రవరిలోనే. ఇక్కడ గని మూస్తున్న నెలలో అక్కడ మందు దొరికిందన్నమాట! కాకపోతే ఆ మొక్క ఏళ్ల తరబడి పీల్చాలి, తడి కావాలి, కోసిన ఆకును మళ్లీ విషంగానే దాచాలి. ఏడాదిలో ప్రారంభోత్సవం జరగని పనికి రిబ్బను ఎవరు కొంటారు?

చట్టం లేదనకండి. కలుషిత స్థలాల నిబంధనలు 2025 జులైలో వచ్చాయి. అప్పటికి దేశంలో తేలిన స్థలాలు 103, శుద్ధి మొదలైనవి ఏడు. అయితే గనుల కాలుష్యానికి వేరే చట్టాలున్నాయంటూ దాన్ని ఈ నిబంధనల్లోంచి పక్కన పెట్టారు. మన గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులూ తవ్వి వదిలేసినవే, అవీ ఆ పక్కనే కూర్చోవాలి.

టన్నులో గ్రాము తీస్తే మిగిలేది 9,99,999 గ్రాములు. దాన్ని యాడ పోస్తారని నేనడిగితే బండిలో ఒకాయన, "మీకు పాజిటివ్ థింకింగ్ లేదు సార్" అన్నాడు.

ఇంటికొచ్చి చొక్కా దులిపి, అందులో బంగారం పాలెంతో లెక్క కట్టబోయాను. మా ఆవిడ వేరే బకెట్లో నానబెట్టమంది. నానింది, ఉతికాం, ఆరేశాం. ఆ నీళ్లు ఎక్కడ పారబోయాలో ఎంతకీ తేల్లేదు. చివరికి పెరట్లో కరివేపాకు చెట్టుకే పోశాం.