మెడలో కొబ్బరికాయ

650 గ్రాములు. పదకొండు రోజులపాటు ఈ అంకె నా మెడమీదెక్కి కూర్చుని దిగనంది. పిట్టలు చూసే అలవాటున్న వాళ్లు ఎవరిని కదిపినా ఒకటే మాట: “8×42 తీసుకోండి, కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చు.” బైనాక్యులర్స్ కళ్లు మూసుకుని కొనాల్సిన వస్తువని అరవై రెండేళ్లు వచ్చేదాకా నాకు తెలియలేదు.

“బరువెంతుంటుంది?” అని అడగడమే నేను చేసిన తప్పు. “ఎంతుంటుంది బావా, మహా అయితే 650” అన్నాడు మా బామ్మర్ది. వాడు ఈ వ్యవహారంలో పదేళ్లుగా ఉన్నాడు. వాడి మెడ వాడిది, నా మెడ నాది. నా మెడలో రెండు పూసలు అరిగాయని డాక్టరు ఫొటో తీసి మరీ చూపించాడు.

లెక్క చిన్నదే. 8 అంటే పిట్ట ఎనిమిది రెట్లు దగ్గరికి వచ్చి కూర్చున్నట్టు కనబడుతుంది. 42 అంటే ముందున్న అద్దం అడ్డకొలత, మిల్లీమీటర్లలో. 42ని 8తో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు, మన కంటికి అందే వెలుగుబిళ్ల వెడల్పు. అద్దం పెద్దదయ్యేకొద్దీ వెలుగు పెరుగుతుంది, దాంతోపాటు గాజు బరువూ పెరుగుతుంది. పోనీ తేలికపాటివని 8×25 చూశాను. మూడొందల గ్రాముల పైచిలుకు, చొక్కా జేబులో పడతాయి. వెలుగుబిళ్ల మాత్రం 3 మిల్లీమీటర్లు దాటి ఓ పిసరు. తెల్లవారుజామున, అంటే పిట్టలు అసలు తిరిగే వేళకి, అవి చూపించేది పిట్టని కాదు, పిట్ట నీడని.

పైగా నాకు కళ్లజోడు. జోడు పెట్టుకున్నవాడి కన్ను కటకానికి 15, 16 మిల్లీమీటర్లు వెనక ఉన్నా బొమ్మ నిండుగా కనబడాలి. బుల్లి బైనాక్యులర్స్‌లో చాలావాటికి ఆ ఉదారత ఉండదు. నేను చూసినవాటిలో రెండు పక్కలా నల్లటి నెలవంకలు, మధ్యలో గ్రహణం విడుస్తున్న సూర్యుడంత వెలుతురు. పోనీ 10 రెట్లవి? పిట్ట పది రెట్లు దగ్గరవుతుంది, నా చేతి వణుకూ పది రెట్లవుతుంది. మరి తేలిగ్గా, వెలుతురుగా, కళ్లజోడువాడికి అనువుగా ఉండేవే లేవా అంటే, ఎందుకు లేవు? జర్మనీలోనూ ఆస్ట్రియాలోనూ చేస్తారు. ధర లక్షల్లో ఉంటుంది. అవి మెడలో వేసుకున్నవాడు పిట్టల కోసం చూడడు, దొంగల కోసం చూసుకుంటాడు.

షాపుకి వెళితే అక్కడి కుర్రాడు ఎర్రెర్రటి అద్దాలున్నది ఒకటి తీశాడు. “30×60 సార్, రాత్రి కూడా కనబడుతుంది.” చూశాను. ఎదురుగా ఉన్న బిర్యానీ హోటల్ బోర్డు ఆకుపచ్చగా ఊగుతూ కనబడింది. బిర్యానీ బోర్డు ఎగిరిపోదు కాబట్టి ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. ఈ దేశంలో బైనాక్యులర్స్ కొనే ప్రతివాడూ బిర్యానీ బోర్డు చూసి కొని, పిట్ట దగ్గరికెళ్లాక ఏడవాల్సిందేనా? బయటికి తీసుకెళ్లి చూస్తానంటే “మరి డిపాజిట్?” అన్నాడు. నిజంగానే ఒళ్లు మండింది.

ఇంతకీ 650 గ్రాములంటే ఎంత? ఇంటికొచ్చి మా ఆవిడ లాక్‌డౌన్‌లో కేకులకని కొన్న కాటా బయటికి తీశాను. ఆనపకాయ 910 తూగింది. ఇంగువ డబ్బా లెక్కలోకి రాలేదు. పచ్చడిబండ పెడితే కాటా అంకెలు మానేసి ‘ఇ’ అనే అక్షరం ఒకటి చూపించి ఊరుకుంది. పీచు తీసి పిలక ఉంచిన కొబ్బరికాయ మాత్రం 648 దగ్గర ఆగింది. దేవుడు పంపినట్టే అనిపించింది. ఎవరి పెళ్లిలోనో తాంబూలంతోపాటు ఇచ్చిన గుడ్డసంచిలో దాన్ని వేసి, మెడలో తగిలించుకుని, అపార్ట్‌మెంటు చుట్టూ నడకకి బయలుదేరాను. వారం రోజులు మోసి మెడ ఒప్పుకుంటే 42, ఒప్పుకోకపోతే 25. ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి ఉంటే చెప్పండి.

“మొక్కా సార్?” అన్నాడు వాచ్‌మన్.

“కాదయ్యా, ప్రాక్టీసు” అన్నాను. అక్కడే దెబ్బ తిన్నాను.

సాయంత్రానికల్లా సారు మాల వేసుకోవడానికి ప్రాక్టీసు చేస్తున్నారని మూడో అంతస్తు దాకా పాకింది. అక్కడి పిన్నిగారు లిఫ్టులో ఆపి, “ఇరుముడి ఎప్పుడు కడుతున్నారు నాయనా?” అని అడిగారు. పిట్టల కోసమని చెప్పాను. ఆవిడ చేతులు జోడించి, “గరుత్మంతుడా?” అన్నారు. రెండో రోజు కాయకి బొట్టు పెట్టారు. మూడో రోజు పసుపు రాశారు. నాలుగో రోజు పార్కులో ఇంకొకాయన మెడలో సంచి కనబడింది. నా కంటి అంచనా ప్రకారం ఆయనది 800 గ్రాములకి తక్కువ ఉండదు. కొడుకు అమెరికా వీసా గురించట. “ఎన్ని రోజులండీ, పదకొండా, నలభై ఒకటా?” అని నన్నే అడిగారు. తెలియదంటే విద్య దాచుకుంటున్నాననుకుంటారని “మీ మెడని బట్టి” అన్నాను. ఆ మాట ఆయనకి ఉపనిషత్తులా వినబడినట్టుంది, కళ్లు మూసుకుని తలాడించారు. ఆరో రోజుకి ముగ్గురమయ్యాం. మా ముగ్గురి వెనకాల ప్రసాదం పెడతారేమోనని ఇద్దరు పిల్లలు.

ఇక చాలని కాయని వంటింట్లో పెట్టి, “పచ్చడి చేసెయ్” అన్నాను మా ఆవిడతో.

“పసుపు కుంకాలు పెట్టిన కాయని పచ్చడి చేస్తే కళ్లు పోతాయండీ” అంది. “కళ్లు పోయాక ఆ దుర్భిణీ ఎవరికి?”

ఆ రాత్రి ఫోనులో బామ్మర్దికి గోడు వెళ్లబోసుకుంటే వాడు ఓపిగ్గా విన్నాడు. “మెడకెందుకు తగిలించుకోవడం బావా? భుజాల మీంచి వీపు మీద ఇంటూ మార్కులా వేసుకునే పట్టీ ఉంటుంది. మెడమీద బరువే పడదు.” ఈ ముక్క పదకొండు రోజుల కిందట చెప్పడానికి వాడికేం అడ్డమొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అసలు ఈ యావ నాకు ఉండేది కాదు. నిరుడు గుంటూరు దగ్గర ఉప్పలపాడు వెళ్లాను. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చెరువులోని చెట్లమీదే కాపురం. అక్కడ కావలసింది బైనాక్యులర్స్ కాదు, గొడుగు. ఎందుకో తలమీద పడ్డవాళ్లకి తెలుసు. తిప్పలన్నీ ఇంటిపక్క అమీన్‌పూర్ చెరువుతోనే వచ్చాయి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని గుర్తింపు పొందిన చెరువది. చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లు ఏ అద్దమూ అక్కర్లేకుండా కనబడతాయి. పిట్టలే దూరంగా, నీళ్ల మధ్యన.

కిందటి ఆదివారం బామ్మర్ది దగ్గర రెండు రకాలూ అరువు తెచ్చుకుని తెల్లారకముందే ఆ గట్టుమీద నిలబడ్డాను. 25లో చీకటి. 42లో వెలుతురు, కానీ వాడు ఊరించినంత కాదు. అదే అడిగితే వాడు కాస్త తటపటాయించి చెప్పాడు. చీకట్లో కుర్రవాళ్ల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుందట. వయసు మీదపడే కొద్దీ ఆ విచ్చుకోవడం తగ్గుతుంది, నా ఈడువాళ్లలో చాలామందికి 5 దాటదట. అద్దం 5.25 పోస్తోంది, పట్టడానికి నా దగ్గరున్న చెంబే చిన్నదైపోయింది.

చిన్నప్పుడు మా తాతయ్య నన్ను తెల్లవారుజామునే చేనుకి తీసుకెళ్లేవాడు. తీతువు కూత వినగానే ఆగి, నా భుజం పట్టుకుని “అదుగో” అనేవాడు. నేను నిద్రమత్తులో సరేననేవాణ్ణి. ఒక్కసారీ చూడలేదు. అప్పుడు నా దగ్గర 7 మిల్లీమీటర్ల కళ్లుండేవి. పైసా ఖర్చు లేదు, గ్రాము బరువు లేదు. చూపించే మనిషి పక్కనే ఉన్నాడు. ఇప్పుడు కొనడానికి డబ్బులున్నాయి, చూడాలన్న కోరిక ఉంది, “అదుగో” అనేవాళ్లే లేరు.

చివరికి 8×32కి ఆర్డరు పెట్టాను. 32ని 8తో భాగిస్తే 4. నా పాత కళ్లకి అంతే చాలు, అంతకన్నా పోసినా ఒలికిపోయేదే. బరువు 500 గ్రాములు. మా ఆవిడ విని, “అయితే ఈసారి లేతకాయ తెమ్మంటారా?” అంది.

నిన్న పార్కులో వీసా ఆయన ఎదురై లడ్డూ చేతిలో పెట్టారు. కొడుక్కి వీసా వచ్చేసిందట. నా బోసి మెడ వైపు చూసి, “మీ మొక్కూ తీరినట్టేనా?” అన్నారు.

“సగం తీరిందండీ” అన్నాను.