సలహాదారు సాఫ్ట్‌వేర్ గారు

పొలం నక్ష కోసం తిరుగుతున్న రైతుకు ఈ వారం ఒక ఆఫీసులో దొరికిన జవాబు ఇది: కంప్యూటర్ కొత్తదే, సాఫ్ట్‌వేరే పాతది, అయినా అనుభవమున్న సాఫ్ట్‌వేర్, మార్చేది లేదు. ఆ ఆఫీసు జగిత్యాలలోనా, కోరుట్లలోనా, సిరిసిల్లలోనా అన్నది చెప్పను. మూడు ఊళ్లవాళ్లూ మా దగ్గరే అనుకుంటారు, నాకు కావలసిందీ అదే.

అనుభవమంటే మాటలా? నక్షలు గీసే ఆర్క్‌మ్యాప్ గారు 1999లో కొలువులో చేరారు. 2026 మార్చి 1తో వారి సర్వీసు ముగుస్తుందని కన్నతండ్రి ఎస్రీ కంపెనీ ఏళ్ల ముందే చాటింపు వేసింది. అయితే ఏం? రిటైరైన పెద్దలను మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టడం మన సచివాలయానికి కొత్తా? క్యాబినెట్ హోదాతో వారిని సర్కారు సలహాదారుగా నియమించాలని నా మనవి. జీవో కూడా నేనే రాసిపెట్టాను, సంతకమే తరువాయి.

ఒకటి, వసతి. కొత్త కంప్యూటర్లో 16 జీబీ ర్యామ్ ఉంది. సలహాదారు గారు 32 బిట్ కాలం మనిషి, 4 జీబీ దాటి అడుగు పెట్టరు. మిగిలిన 12 జీబీని విజిటర్స్ హాలుగా ప్రకటించాలి.

రెండు, సిబ్బంది. ప్రాసెసర్లో ఎనిమిది కోర్లుంటే ఒకటి చెమటోడుస్తుంది, ఏడు చేతులు కట్టుకుని నిలబడతాయి. పెద్దసారు వెంట ఆమాత్రం మంది లేకపోతే హోదా ఏముంటుంది?

మూడు, దర్శన వేళలు. సర్వే నంబరు మీద క్లిక్ చేయగానే తెర తెల్లబడి 'నాట్ రెస్పాండింగ్' అని వస్తే కంగారు పడొద్దు, సారు మీటింగులో ఉన్నారు. మొత్తానికే మూతపడితే మెడికల్ లీవు. సేవ్ చేయని గీతలు పోతే, ఆ మేరకు తనకు గెట్టు లేదని రైతు అఫిడవిట్ ఇవ్వాలి.

నాలుగు, దరఖాస్తు. కొత్త మానిటర్ మీద సారు బటన్లు నువ్వుగింజల్లా కనిపిస్తాయి. ఆధార్ జిరాక్సుతో పాటు భూతద్దం జతచేయాలి.

ఐదు, సరిహద్దులు. సారు దగ్గరున్న పాత లేయర్లో జగిత్యాల, సిరిసిల్ల ఇంకా కరీంనగర్ జిల్లాలోనే ఉన్నాయి. 2016 దసరా నాడు జిల్లాలు వేరుపడ్డ కబురు వారికి అందలేదు. ఆయన మనసు నొచ్చుకోకుండా కలెక్టరేట్లు రెండింటినీ తిరిగి కరీంనగర్‌కు తరలించాలి.

ఆరు, సన్మానం. సిరిసిల్ల మరమగ్గం మీద నేసిన శాలువా, జగిత్యాల మామిడిపళ్ల బుట్ట, కోరుట్ల చౌరస్తాలో నిలువెత్తు ఫ్లెక్సీ.

ఇన్ని మర్యాదలయ్యాక కూడా రైతు చేతికి నక్ష రాలేదు. పాస్‌బుక్కులో నక్ష ఉంటుందని భూభారతి చట్టం చేసుకున్నాం. రాష్ట్రంలో 413 ఊళ్లకు అసలు నక్షలే లేవని సర్కారే ఒప్పుకుంది. 2025లో రీసర్వేకు ముందుగా ఎంచుకున్న ఐదూళ్లలో మన బీర్‌పూర్ మండలం కొమ్మనపల్లి ఒకటి. నిజాం కాలంలో గొలుసు పట్టి కొలిచి గీసిన టీపన్‌ చిరిగిపోయినా కళ్లతో చదువుకోవచ్చు. మొన్న కొలిచింది ఈ రోజు తెరుచుకోకపోతే ఆ కొలతలు ఎవరికోసం?

కొత్త కంప్యూటర్లకు టెండరుంది, బిల్లుంది, రిబ్బన్ కత్తిరించే ఫొటో ఉంది. పాత ఫైళ్లను కొత్త సాఫ్ట్‌వేర్లోకి మార్చడానికి, ఆపరేటర్‌కు నేర్పడానికి పైసా లేదు. నక్షలు గీసే మరో సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. బిల్లు పెట్టుకునే వీల్లేదు కాబట్టే దాని వంక ఎవరూ చూడరు. గెట్టు తేలక అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటే కేసు మాత్రం వాళ్ల మీదే. సాఫ్ట్‌వేర్ మార్చే ఫైలు ఎవరి బల్ల మీద ఆగిందో, ఆ పేరు ముందు బయటపెట్టండి. ఇంకో కంప్యూటర్ ఆ తర్వాత కొందురుగాని.