ఇరవై మిల్లీమీటర్ల గౌరవం

ఇంజిను కనబడదు, గేర్‌బాక్సు అర్థం కాదు. టైరు మాత్రం నల్లగా, గుండ్రంగా, కాలితో తన్నడానికి అందుబాటులో ఉంటుంది. అందుకే కారు గురించి ఎన్నడూ నోరు విప్పనివాళ్లకు కూడా టైర్ల మీద గట్టి అభిప్రాయాలుంటాయి. మా షాద్‌నగర్‌లో ముందు టైరును తన్నకుండా దాని గురించి మాట్లాడిన మగమనిషిని నేనింతవరకు చూడలేదు. తన్ని, అదేదో జవాబు చెప్తుందన్నట్టు కాసేపు ఆగి, "గింత సన్నగున్నయేంది సారూ?" అంటారు.

మాది స్విఫ్ట్, కింది వేరియంటు. నంబరు టీఎస్ 06తో మొదలవుతుంది, ఎందుకంటే కొన్నప్పుడు మేం మహబూబ్‌నగర్ జిల్లా. 2016 దసరాకు జిల్లాలు విడగొడితే పండుగ నాటికి రంగారెడ్డివాళ్లమైపోయాం. ఎదురింటి పాత మోటర్‌సైకిలుకు ఏపీ 22, వాళ్ల కొడుకు కారుకు టీఎస్ 07, మొన్న కోడలు కొన్న స్కూటీకి టీజీ 07. ఇల్లు మాత్రం పునాది రాయి కూడా కదలకుండా అక్కడే ఉంది. ఇది టైర్ల ముచ్చట కాదనుకోండి, కానీ మా దగ్గర అంకెలు నిలకడగా ఉండవని ముందే చెప్పిపెడుతున్నాను.

టైర్లు అరిగాయి. గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మెలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తువి. పైభాగం అరిగి వాటితో సమానమైతే ఇక ఆ టైరు పని అయిపోయినట్టే. మావి సమానమయ్యాయి. నేను మామూలుగా పోయి ఉన్న సైజే వేయించుకుని వచ్చేవాణ్ణి, ఆ ఆదివారం మా బామ్మర్ది ఇంటికి రాకపోయి ఉంటే. అతను ఎల్బీనగర్‌లో ఉంటాడు, పెద్ద బండి ఉంది. వచ్చీరాగానే ఆచారం ప్రకారం టైరును తన్నాడు.

"బావా, ఎట్లాగూ మారుస్తున్నవ్ గదా, 205 ఎయ్యి. రోడ్డు మీద పోతుంటే జర మనిషి లెక్క కనబడ్తవ్."

నేను లెక్కల సారును. నా ముందు అంకె పడేసి నన్ను వదిలిపెట్టమంటే కుదరదు. పాత టైరు పక్కన గొంతుక్కూర్చుని చదివాను: 165/80 ఆర్ 14. ఈ టైరు కొలతలు పెట్టినవాడు కచ్చితంగా మా ఏరియాలో భూమి కొని ఉంటాడు. ఊరవతల ఎకరాలు, కొంచెం ఇవతలికొస్తే గుంటలు, వెంచర్ గేటు దాటితే గజాలు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు, మధ్యలో ఎవరెంత తిన్నారో తేలదు. టైరు మీద కూడా అంతే. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. చివరి అంకె రిమ్ము అడ్డకొలత, అంగుళాల్లో. నడుమ 80 అన్నది మిల్లీమీటరూ కాదు, అంగుళమూ కాదు, పర్సెంటు. వెడల్పులో ఎనభై శాతం టైరు పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రిమ్ము అని సగం ఊరు నమ్ముతుంది గాని, అది రేడియల్. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న కట్టుబడి.

ఆ పర్సెంటు దగ్గరే ఎనిమిదో తరగతి పిల్లలూ మా బామ్మర్దీ ఒకేచోట బోల్తా పడతారు. "సరే 205 వద్దు, 185 ఎయ్యి, ఆ 80ని మాత్రం ముట్టకు" అన్నాడు. 80ని ముట్టకపోతే అది 165లో 80 కాదు, 185లో 80 అవుతుంది. వెడల్పు పెంచాననుకుంటాం, ఎత్తు కూడా పెరిగి కూర్చుంటుంది. పాతదాని మొత్తం ఎత్తు దాదాపు 620 మిల్లీమీటర్లు. 185/80 అయితే 652. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఐదు శాతం ఎక్కువ దూరం పోతుంది, ఆ సంగతి మీటరుకు ఎవరూ చెప్పరు. నేను పద్ధతిగా 80లో పోతున్నాననుకుంటూ 84లో రాయికల్ టోల్ వైపు దూసుకుపోతుంటాను. పోలీసు కెమెరాను కూర్చోబెట్టి పర్సెంటేజీలు బోధించే ఓపిక నాకు లేదు, దానికీ లేదు.

ఇంతకూ కారు తయారుచేసినవాడేం చేశాడు? అదే స్విఫ్ట్ పై వేరియంటుకు 185/65 ఆర్ 15 ఇచ్చాడు. లెక్క కట్టాను. వెడల్పు ఇరవై మిల్లీమీటర్లు పెరిగింది, రిమ్ము అంగుళం పెరిగింది, మొత్తం ఎత్తులో తేడా మాత్రం రెండు మిల్లీమీటర్లకు లోపే. కాగితం మీద ఆ లెక్క తేలినప్పుడు నాకు కలిగిన ఆనందం మా ఇంట్లో ఎవరికీ కలగలేదు. "ఇంకా అన్నం తినరా?" అన్నది మా ఆవిడ.

అసలు పెద్దమనిషి రిమ్ము. పెళ్లి సంబంధం మాటల్లో పెళ్లికూతుర్ని తప్ప అందరినీ అడిగినట్టు, టైరు వెడల్పు గురించి ఊరందరినీ అడుగుతాం, మోసే రిమ్మును అడగం. మా రిమ్ము లోపలి అంచున 14 x 5జె అని కొట్టి ఉంది, అంటే ఐదంగుళాల వెడల్పు. 185/70 టైరు నాలుగున్నర నుంచి ఆరంగుళాల దాకా ఉన్న రిమ్ముల మీద సుఖంగా కూర్చుంటుంది. 195/70కి కనీసం ఐదు కావాలి, అంటే మాది సరిగ్గా గడప మీద నిలబడ్డట్టు. అంతకు మించి వెడల్పు ఎక్కిస్తే కింద రెండంచులూ దగ్గరికి నొక్కుకుపోయి నడుమ ఉబ్బుతుంది. నడుమే ముందు అరుగుతుంది, మలుపులో పక్కగోడ ఊగుతుంది, స్టీరింగ్ చెప్పిన మాట ఒక క్షణం ఆలస్యంగా వింటుంది.

సర్వీసు రోడ్డు మీది టైర్ల కొట్టాయన ముందు ఇదంతా అంటే ఆయన నవ్వి, "205 గూడ పడ్తది సారూ... గాని" అన్నాడు. ఆ 'గాని' తర్వాత ఏముందో చెప్పడు. మిషను ఏ టైరునైనా ఏ రిమ్ము మీదికైనా తోసేస్తుంది, దానికి నదురూ బెదురూ లేవు. నలుగురెక్కి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌ను ఒరుసుకునే చప్పుడు వినబడేసరికి మనం జడ్చర్ల దాటి ఉంటాం.

అక్కడే బల్ల మీద మా గల్లీ పెద్దాయన కూర్చున్నాడు. ముప్పై ఏండ్లు లారీ తోలినాయన. సంగతంతా ఓపిగ్గా విని, "మా లారీలకు ఎన్కకు జోడు టైర్లుంటుండె. నీ కారుకు గూడ ఎన్కకు రెండురెండు ఎయ్యి సారూ, సన్నగున్నయని ఎవడన్న అంటడా?" అన్నాడు. ఆ రోజు విన్న సలహాల్లో వెడల్పు మీద మమకారం ఇంత నిజాయితీగా ఒప్పుకున్నది అదొక్కటే.

బామ్మర్ది ఫోన్లో వదల్లేదు. "వెడల్పుంటే గ్రిప్పు బావా, రోడ్డుకు ఎక్కువ తాకుతది." నేనూ నా భార్యా ఎక్కితే మా కారు అటూఇటూగా పదకొండు వందల కిలోలు. ఒక్కో చక్రం మీద 275. గాలి 32 పౌండ్లు పెడితే చదరపు సెంటీమీటరుకు రెండుంబావు కిలోలు మోస్తుంది. భాగించి చూస్తే టైరు నేలను తాకేది నూట ఇరవై చదరపు సెంటీమీటర్లు, రెండు పేకముక్కలకు కొంచెం ఎక్కువ. గాలి అంతే పెట్టి టైరు వెడల్పు చేస్తే ఆ జాగా పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. నిలువు తగ్గి అడ్డం పెరుగుతుంది. మలుపుల్లో దానివల్ల కొంత మేలుందని ఒప్పుకోవాలి. వానాకాలం అండర్‌పాసులో నిలిచిన నీళ్లలోకి వేగంగా పోతే మాత్రం వెడల్పు టైరే ముందు తేలుతుంది. మైలేజీ కూడా కాస్త పడుతుంది. ఈ చివరి వాక్యం ఒక్కటి చాలు, మా ఇంట్లో ఆడవాళ్ల వోటు నాకు పడిపోయింది.

ఆఖరికి 185/70 ఆర్ 14 దగ్గర కుదిరింది. ఎత్తు 615, పాతదానికంటే ఐదు మిల్లీమీటర్లే తక్కువ, ఒక శాతం కూడా లేదు. పాత టైరు మోత అంకె 85, అంటే 515 కిలోలు. కొత్తదాని మీద 88 ఉంది, అంటే 560. మోతలో తగ్గకూడదన్నది ఒక్కటే నేను పట్టుబట్టింది. పక్కగోడ మీద తయారీ తేదీ నాలుగంకెలూ చదివాను. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. "మాల్ ఫ్రెష్ సారూ, పొద్దుగాలనే దిగింది" అన్నాడు కొట్టాయన. దిగింది పొద్దున్నే కావచ్చు, పుట్టింది రెండేళ్ల కింద. కొత్తవి తెప్పించేదాకా ఆ బల్ల మీదే కూర్చున్నాను. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు నేరుగా వచ్చి దిగే కేంద్రం ఉన్న ఊరు మాది. ఆకాశం నుంచి వచ్చే అంకెలు చదువుకోగలిగినవాళ్లం, టైరు మీది నాలుగంకెలకు కళ్లద్దాలు తుడుచుకోలేమా?

అలైన్‌మెంటూ బ్యాలెన్సింగూ చేయించి, స్టెప్నీని మాత్రం పాత సైజులోనే డిక్కీలో ఉంచి ఇంటికొచ్చాను. పంక్చరైతే దాని మీద మెల్లగా దగ్గరి షాపు దాకా పోవడానికి సరిపోతుంది.

మరుసటి ఆదివారం బామ్మర్ది వచ్చాడు. తన్నాడు. కాసేపు ఆగాడు.

"ఇంకా మార్చలేదా బావా?"

పక్కగోడ మీద 185 చూపించాను. వంగి చదివాడు, వెనక్కి రెండడుగులేసి చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు.

"టైరు మంచిగనే ఉంది బావా, రిమ్మే సన్నగుంది. పదిహేనంగుళాల అల్లాయ్‌లు ఎయ్యి, అప్పుడు చూడు ఎట్ల కొడ్తదో."

లోపల్నుంచి మా ఆవిడ కేకేసింది, "తమ్మీ, ఆ మాట ఆయన ముంగట అనకు. మళ్ల కాగితం పెన్ను తీస్తరు."