ఆదాపెట్టె మహాత్మ్యం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల వెంట సాగే బజారులో అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ పెట్టె దొరుకుతుంది. దానిని ప్లగ్గులో గుచ్చగానే పచ్చదీపం వెలుగుతుందని, ఆ దీపం వెలిగినంత కాలం కరెంటు బిల్లు నలభై శాతం దాకా దానంతటదే తగ్గుతుందని అట్ట మీద అచ్చువేసి ఉంటుంది. ఈ రెండు హామీలలో మొదటిది నూటికి నూరుపాళ్లు నిజం.

రెండవదానిని నమ్మేవారిని అమాయకులని తీసిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే వారి భయానికి లెక్క ఉంది. యూనిట్టు అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు తినే కరెంటు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో అమలులోకి వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం నెలకు 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్ ఛార్జీ 820 రూపాయలైతే, 201వ యూనిట్టు తిరగగానే ఆ ఇల్లు పై శ్లాబులోకి ఎక్కి, వెనకటి యూనిట్లకు కూడా రేటు మారిపోయి, ఛార్జీ 1,027 రూపాయల 70 పైసలకు చేరుతుంది. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకునే కుటుంబానికైతే ఆ ఒక్క యూనిట్టే మొత్తం బిల్లును నెత్తిన పెడుతుంది. గీత మీద నిలబడ్డవారికి పచ్చదీపంలో దైవం కనిపించడంలో వింత లేదు.

అమ్మకందారు చూపించే నిదర్శనం కూడా చిన్నది కాదు. బల్ల మీద ఒక మోటారు తిరుగుతుంటుంది, పక్కనే ఆంపియర్లు చూపే ముల్లు ఉంటుంది, పెట్టె గుచ్చగానే ముల్లు కిందికి దిగుతుంది. ఇందులో దొంగ తీగ ఏదీ ఉండనక్కరలేదు. పెట్టెలో ఉన్నది చిన్న కెపాసిటర్. మోటారు తన పనికి కావలసిన కరెంటుతో పాటు అయస్కాంత క్షేత్రాన్ని నిలుపుకోవడానికి మరికొంత కరెంటును తీగల్లో అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది, ఆ తిరుగుడు కరెంటును కెపాసిటర్ దగ్గరుండి సమకూర్చడంతో తీగలో ఆంపియర్లు తగ్గుతాయి. మొత్తం లాగిన దానిలో నిజంగా పనికి వచ్చిన పాలు ఎంతో చెప్పే నిష్పత్తినే పవర్ ఫ్యాక్టర్ అంటారు. దానిని బట్టి బిల్లు కట్టే పరిశ్రమలకు కెపాసిటర్లు నిజంగానే డబ్బు మిగులుస్తాయి. ఇంటి మీటరు మాత్రం పనికి వచ్చిన వాట్లనే లెక్కిస్తుంది కనుక, తగ్గిన తిరుగుడు కరెంటు మొదటి నుంచీ బిల్లులో లేనే లేదు. బుడాపెస్ట్‌లో ఒట్టో బ్లాతీ 1889లోనే అలాంటి మీటరును తయారుచేశాడు, ఆ వార్త ఇంకా మలక్‌పేట దాటి రాలేదు కాబోలు.

ఈ వివాదాన్ని తేల్చగల సాధనం ప్లగ్గుకూ పరికరానికీ నడుమ గుచ్చే చిన్న మీటరు. దానిని కొనబోయేవారు మొదట అడిగే ప్రశ్న ‘ఇది ఎంత ఆదా చేస్తుంది?’ అన్నది. ఏమీ చేయదు, ఉన్నది ఉన్నట్టు చూపుతుంది అన్న జవాబుతో బేరం ముగిసి, చేయి తిరిగి పచ్చదీపం వైపే సాగుతుంది. నిలబడి కొనేవారు కూడా తెర వెడల్పు, రంగు చూస్తారే తప్ప, అది వాట్లను, కూడుతూ పోయే యూనిట్లను చూపుతుందో లేక వట్టి ఆంపియర్లనే చూపుతుందో అడగరు. వట్టి ఆంపియర్లు చూపేది బల్ల మీది ముల్లుకు తోబుట్టువే. 230 వోల్టుల దగ్గర రెండువేల వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది కనుక, ఆరు ఆంపియర్ల మీటరును కన్వర్టర్ పిన్నుతో దానికి తగిలించిన ఇంట్లో తేలేది వాడకం కాదు, కాలిన ప్లాస్టిక్ వాసన. ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి తొంగిచూసి అంకె చెప్పడం పనికిరాదు, ఒక పగలూ ఒక రాత్రీ మీటరును వదిలేయాలి. ఇక రిమోట్‌తో ఆర్పేశామనుకున్న సెట్‌టాప్ బాక్సు పది వాట్ల చొప్పున రాత్రింబవళ్లు తింటే నెలకు 7.2 యూనిట్లవుతుంది. 195 దగ్గర ఆగవలసిన ఇంటిని 200 దాటించడానికి అది చాలు.

సీలింగు ఫ్యాన్లు, ట్యూబులైట్లు గోడ లోపలి తీగలకే బిగించి ఉంటాయి కనుక అవి ఏ ప్లగ్గు మీటరుకూ చిక్కవు. అయితే చైతన్యపురిలోనో కొత్తపేటలోనో అపార్టుమెంటు సెల్లారులో వేలాడే డిస్కం మీటరు మీద ఒక ఎర్రదీపం మిణుకుమంటూ ఉంటుంది, యూనిట్టుకు ఎన్ని మిణుకులో, ఉదాహరణకు 3200 అని, దాని ముఖానే అచ్చువేసి ఉంటుంది. ఆ లెక్కన వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే వేడెక్కుతుంటే దీపం నిమిషానికి 53 సార్లు మిణుకుతుంది. పైన ఫ్యాన్లు తిరుగుతుండగా ఒక నిమిషం, ఆదాపెట్టెను గుచ్చించి మరో నిమిషం లెక్కిస్తే రెండు లెక్కలూ ఒక్కటే వస్తాయి. పచ్చదీపం తినే కాస్త కరెంటు అంత తక్కువ సమయంలో లెక్కకు అందదు, అందినా అది ఖర్చు వైపే పడుతుంది.